34 సెకన్లతో కొలిచే మనిషి కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆటల పేజీలో, కింద మూలన, ఒక బాక్స్ ఐటెం వేశారు. ఆటగాళ్లుగా వెలిగి కోచ్‌లుగా ఆరిపోయిన వాళ్ల జాబితా అది. అందులో నాలుగో పేరు వ్సెవొలోద్ బొబ్రోవ్. ఆయన గురించి రాసింది మొత్తం రెండు ముక్కలు: సోవియట్ ఫుట్‌బాలర్ అని, 1972లో ఆఖరి మ్యాచ్‌లో ఇంకా 34 సెకన్లు ఉందనగా పడ్డ గోల్‌తో కెనడా చేతిలో ఐస్ హాకీ సిరీస్ ఓడిన కోచ్ అని. ఆ కిందే మీ రచయిత ఒక తీర్పు కూడా ఇచ్చేశారు. నాలుగు ఆటల్లో వేలు పెట్టినవాడికి ఏ ఆటా పూర్తిగా పట్టుబడదట.

నేను పత్రికలకు ఉత్తరాలు రాసే బాపతు కాదు. మీ పేపరు తెరిచి ముందు చావు కబుర్లు, తర్వాత ఆటల పేజీ చూసి మడిచి పక్కన పడేసే రకం. కానీ ఆ రెండు ముక్కలు చదివాక ఆ మధ్యాహ్నం కునుకు పట్టలేదు. మా ఆవిడ "ఆ రష్యా ఆయన మీకేమన్నా మేనమామ వరసా?" అని అడిగింది కూడా. మేనమామ కాదు గానీ, భాష రాని ఊళ్లో నాకు మొదట నోటికొచ్చిన నాలుగైదు పేర్లలో ఆయనదొకటి. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే. కత్తిరించుకుంటే కత్తిరించుకోండి, అంకెలు మాత్రం మార్చకండి.

1972 ఆగస్టు చివర్లో చదువు కోసం మాస్కో వెళ్లాను. అప్పటికి నాకు పద్దెనిమిది. మొదటి ఏడాదంతా రష్యన్ నేర్చుకోవడమే పని. మా హాస్టల్ కింది అంతస్తులో ‘ఎర్ర మూల’ అనే గది ఒకటి ఉండేది. లెనిన్ బొమ్మ, కర్రకు గుచ్చిన దినపత్రికలు, ఒక నలుపు తెలుపు టీవీ. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ కూర్చునేది. వచ్చేపోయేవాళ్ల పాసులు చూడటం ఆవిడ ఉద్యోగం. మేమంతా బాబుష్కా అనేవాళ్లం. రాత్రి పదకొండు దాటి వస్తే తిట్టేది, తిట్టాక టీ ఇచ్చేది.

నేను వెళ్లిన వారానికే కెనడాతో సిరీస్ మొదలైంది. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు, నాలుగు అక్కడ, నాలుగు మాస్కోలో. సెప్టెంబర్ 2న మాంట్రియల్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌ను ఇక్కడ తర్వాత టీవీలో వేస్తే, ఎర్ర మూలలో కాలు పెట్టే చోటు లేదు. నేను అప్పటిదాకా ఐసును గ్లాసులోనే చూశాను. తెర మీద చీమల్లాంటి మనుషులు జారుతున్నారు. దేని వెంట జారుతున్నారో కనిపించదు, ఎందుకు అరుస్తున్నారో తెలియదు. బాబుష్కా తన కుర్చీ గుమ్మంలోంచి లోపలికి జరుపుకుంది. తెర మీద బెంచీ వెనక కోటూ టైతో నిలబడ్డ ఒక మనిషిని చూపించి, "అదిగో, మా సేవా" అంది (వ్సెవొలోద్‌కు అది ముద్దుపేరు). తర్వాత చాలా చెప్పింది. నాకు అర్థమైన మాటలు మూడే: ఫుట్‌బాల్, హాకీ, బొబ్రోవ్.

ఆ రాత్రి నాకర్థమైందేమిటంటే బొబ్రోవ్‌లు ఇద్దరున్నారని. ఒకాయన ఫుట్‌బాల్ ఆడాడు, ఇంకొకాయన హాకీ. అన్నదమ్ములై ఉంటారనుకున్నా. (నిజంగానే ఆయనకు వ్లదీమిర్ అని ఆటలాడే అన్న ఉండేవాడు. అది వేరే కథ.) నెల తర్వాత నా రష్యన్ కాస్త దారిలో పడ్డాక బాబుష్కా మళ్లీ చెబితే, ఇద్దరూ ఒక్కడేనని తెలిసింది. అంతకుముందు ఇంకో ఆట కూడా ఉందని అప్పుడే చెప్పింది. నాకు నమ్మకం కలగలేదు. మన దగ్గర ఒక కుర్రాడు రెండు ఆటలాడితే రెండింట్లోనూ పన్నెండో మనిషిగా మిగులుతాడు కదా!

ఆ ఇంకో ఆట నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మీ రచయిత వదిలేసింది దాన్నే.

బొబ్రోవ్ 1922 డిసెంబర్ 1న మార్షాన్స్క్‌లో పుట్టాడు. పెరిగింది లెనిన్‌గ్రాద్ పక్కన, ఫిన్‌లాండ్ సింధుశాఖ ఒడ్డున ఉన్న సెస్త్రోరెత్స్క్‌లో. తండ్రి అక్కడి పనిముట్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. చలికాలంలో అక్కడి పిల్లలు ఆడేది బంతి హాకీ. మిగతా ప్రపంచం దాన్ని బాండీ అంటుంది. ఫుట్‌బాల్ మైదానమంత మంచు, జట్టుకు పదకొండు మంది, చేతిలో వంకీ కర్ర, దాంతో కొట్టేది చిన్న బంతి. అంత పెద్ద మంచు మీద బంతిని ఒక్కడే పట్టుకుని పోవడం అయ్యే పని కాదు. ఎవరు ఎక్కడికి రాబోతున్నారో ముందే చూసి, మనిషికి కాకుండా ఖాళీకి పాస్ ఇవ్వాలి. యుద్ధం వచ్చి ఫ్యాక్టరీని ఓమ్స్క్‌కు తరలిస్తే బొబ్రోవ్ కూడా అక్కడికే వెళ్లాడు. అక్కడా ఫుట్‌బాల్, బాండీ మానలేదు. యుద్ధం ముగిసే నాటికి మాస్కోలో సైన్యం జట్టు సీడీకేఏలో తేలాడు.

1945 మే నెలలో ఆ జట్టుకు ఫుట్‌బాల్‌లో మొదటి మ్యాచ్. వేరేవాడి బదులు దిగి రెండు గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఆయనవే. నవంబర్‌లో డైనమో మాస్కో బ్రిటన్ వెళ్తూ ఆయన్ని అరువు తెచ్చుకుంది. చెల్సీతో 3-3, కార్డిఫ్ సిటీ మీద 10-1, పొగమంచులో ఆర్సెనల్ మీద 4-3, గ్లాస్గోలో రేంజర్స్‌తో 2-2. ఆ నాలుగు మ్యాచ్‌ల్లో బొబ్రోవ్‌వి ఆరు గోల్స్. అప్పటికి ఆయన ఐస్ హాకీలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఎలా ఆడతాడు? సోవియట్ యూనియన్‌లో ఆ ఆటకు లీగే లేదు.

మొదటి సోవియట్ ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్ 1946 డిసెంబర్ 22న మొదలైంది. అందులో మొట్టమొదటి గోల్ కొట్టింది అర్కాదీ చెర్నిషోవ్. ఆయనెవరు? డైనమో ఫుట్‌బాలర్, బాండీ ఆటగాడు. తర్వాత సోవియట్ జట్టుకు పెద్ద కోచ్ అయ్యాడు. అనతోలీ తరాసోవ్ ఎవరు? ఆయనా ఫుట్‌బాల్, బాండీ ఆడినవాడే. ఈ ఇద్దరూ కలిసి 1963 నుంచి 1971 దాకా వరుసగా తొమ్మిదిసార్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిపించారు. మీ రచయిత సూత్రమే నిజమైతే సోవియట్ హాకీ పుట్టకూడదు, పుట్టినా ఆ ఏడాదే చచ్చిపోవాలి. ఎండాకాలం ఫుట్‌బాల్, చలికాలం కర్ర. ఆ తరం మొత్తం అలా పెరిగిందే. కెనడావాళ్లు మనిషిని ఢీకొట్టి పక్‌ను (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లను) లాక్కునే ఆట ఆడితే, వీళ్లు మంచు మీద ఫుట్‌బాల్ ఆడినట్టు పాసులతో ఆడారు. ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు, ఆ ఆట గురించి తెలిసినవాళ్లు ఎప్పటి నుంచో చెప్పేదే.

ఇక అంకెలు. సోవియట్ లీగ్ ఫుట్‌బాల్‌లో బొబ్రోవ్ 116 మ్యాచ్‌లాడి 97 గోల్స్ చేశాడు. లీగ్ హాకీలో 130 మ్యాచ్‌లకు 254. మ్యాచ్‌కు దాదాపు రెండు. రష్యాలో ఇప్పటికీ 250 గోల్స్ దాటిన హాకీ ఆటగాళ్లను ‘బొబ్రోవ్ క్లబ్’లో చేరినట్టు లెక్కేస్తారు. ఆయన పేరును కొలబద్దగా వాడుకుంటున్నారన్నమాట.

ఆ చలికాలంలో నేనూ స్కేట్లు కట్టాను. గోర్కీ పార్కులో నడిచే దారుల మీద నీళ్లు పోసి గడ్డకట్టిస్తారు. ఊరు ఊరంతా సాయంత్రాలు అక్కడే జారుతుంటుంది. అద్దె స్కేట్లు బిగించి, దీపస్తంభం పట్టుకుని లేచాను. స్తంభం వదిలాక లేచిందీ లేదు, నిలిచిందీ లేదు. ఎడమ మోకాలు వాచి వారం రోజులు క్లాసుకు కుంటుకుంటూ వెళ్లాను. నన్ను చూసి బాబుష్కా నవ్వి, "సేవా మోకాళ్లు నీకంటే అన్యాయం" అంది. నిజమే. ఫుట్‌బాల్‌లో తన్నించుకుని తన్నించుకుని ఆయన మోకాళ్లు యౌవనంలోనే పాడయ్యాయి. ఆపరేషన్లు జరిగాయి. ఆ మోకాళ్లతోనే వేసవిలో బూట్లు, చలికాలంలో స్కేట్లు మార్చుకుంటూ పదేళ్లకు పైగా ఆడాడు. నా వాపు మోకాలి మీద చెయ్యేసుకుని ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన మీద నాకు అభిమానం కుదిరింది.

ఒక విమానం సంగతి కూడా చెప్పాలి. 1950 జనవరిలో వైమానిక దళం హాకీ జట్టు మ్యాచ్ కోసం వెళ్తుంటే స్వెర్ద్లోవ్స్క్ దగ్గర విమానం కూలి లోపలున్న 19 మందీ పోయారు. అందులో ఆటగాళ్లే పదకొండు మంది. ఆ జట్టుకు కొత్తగా మారిన బొబ్రోవ్ ఆ విమానం ఎక్కలేదు. అలారం మోగినా నిద్ర లేవలేదని కొందరంటారు, బదిలీ కాగితాలు పూర్తికాక ఆగాడని ఇంకొందరు. రైల్లో వెళ్లాడు. ఆ జట్టు స్టాలిన్ కొడుకు వసీలీ చలవతో నడిచేది. దుర్ఘటన వార్త పత్రికల్లో రాలేదు. కొత్త ఆటగాళ్లను పోగేసి ఆట నడిపించేశారు. 1951 నుంచి వరుసగా మూడేళ్లు ఆ జట్టే ఛాంపియన్, బొబ్రోవ్ అందులో ఆడుతూనే కోచింగూ చూశాడు. అంటే మీరు ‘కోచ్‌గా ఆరిపోయాడు’ అంటున్న మనిషి ఆ పని మొదలుపెట్టింది చనిపోయిన జట్టును తిరిగి నిలబెడుతూ. దీని గురించి బాబుష్కా ఎప్పుడూ నోరు విప్పలేదు. నేను చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను.

1952లో సోవియట్ యూనియన్ మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఫుట్‌బాల్ కెప్టెన్ బొబ్రోవ్. ఫిన్‌లాండ్‌లోని తంపెరెలో యుగోస్లావియాతో మ్యాచ్. ఇంకో పావుగంట ఉందనగా 5-1తో వెనకబడి ఉన్నారు. అక్కడి నుంచి 5-5 చేశారు. ఆ మ్యాచ్‌లో కొట్టిన అయిదింట్లో మూడు గోల్స్ బొబ్రోవ్‌వి. రెండు రోజుల తర్వాత మళ్లీ ఆడితే 3-1తో ఓడారు. ఓడింది స్టాలిన్‌కు కంటగింపుగా ఉన్న టీటో దేశం మీద కాబట్టి, ఆ ఆగస్టులో సైన్యం ఫుట్‌బాల్ జట్టునే రద్దుచేశారు. ఆటలో ఓడితే జట్టు ఉండదన్న కాలంలో పెరిగిన మనిషండీ ఆయన! 34 సెకన్ల కథ చెప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

1953లో బొబ్రోవ్ ఆరోగ్యం బాగాలేదని హాకీ జట్టును ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కే పంపలేదని చెప్పుకుంటారు. 1954లో స్టాక్‌హోం పంపారు. సోవియట్‌కు అదే మొదటిసారి. ఆఖరి మ్యాచ్‌లో కెనడాను 7-2తో కొట్టి బంగారం తెచ్చారు. కెప్టెన్ మళ్లీ ఆయనే. 1956లో కోర్తీనా ఒలింపిక్స్‌లో హాకీ స్వర్ణం, అప్పుడూ ఆయనే కెప్టెన్. ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్‌కూ, హాకీకీ సోవియట్ జట్లను నడిపించిన కెప్టెన్ ఇంకొకడు లేడు. 1957లో స్కేట్లు విప్పేశాడు.

ఇక కోచ్ సంగతి. మీ రచయిత మీద నాకున్న అసలు కోపం ఇక్కడ.

1964లో బొబ్రోవ్ హాకీ కోచ్‌గా మాస్కో స్పార్తక్‌కు వచ్చాడు. 1963 నుంచి లీగ్ అంతా సైన్యం జట్టుదే, తరాసోవ్‌దే. దేశంలో మంచి ఆటగాడు ఎక్కడ కనిపించినా సైనిక సర్వీసు పేరుతో వాళ్ల దగ్గరికే చేరేవాడు. ఆ వరసను 1967లో స్పార్తక్ తెంపింది. ఆ జట్టులో పెద్దలు స్తార్షినోవ్, మయోరోవ్ అన్నదమ్ములు ఉన్నారు సరే. వాళ్ల వెనక ఇరవై నిండీ నిండని కుర్రాళ్లు ముగ్గురుండేవారు: అలెగ్జాండర్ యాకుషెవ్, వ్లదీమిర్ షాద్రిన్, యెవ్గేనీ జీమిన్. ఈ మూడు పేర్లూ గుర్తుంచుకోండి.

తరాసోవ్ మనుషుల్ని పిండి, సిద్ధాంతం నూరిపోసి, యంత్రంలా తయారుచేసేవాడు. దానికి ఫలితం కూడా అలాగే వచ్చింది, కాదనను. బొబ్రోవ్ పద్ధతి వేరని ఆయన దగ్గర ఆడినవాళ్లు చెప్పగా చదివాను. ఎక్కువ మాట్లాడడు, బోర్డు మీద గీతలు గీయడు, కర్ర తీసుకుని తనే చేసి చూపిస్తాడు. మూడు ఆటల మంచునూ మట్టినీ తొక్కి వచ్చిన మనిషికి ‘ఒకే దారి ఉంది’ అని నమ్మడం కష్టమై ఉంటుంది. ఇది నా ఊహ, ఊహగానే తీసుకోండి.

1972 ఫిబ్రవరిలో సప్పోరో ఒలింపిక్స్ గెలిచాక తరాసోవ్, చెర్నిషోవ్ ఇద్దరూ జాతీయ జట్టును వదిలేశారు. ఆ కుర్చీలో బొబ్రోవ్‌ను కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్లు వరుసగా గెలిచిన కుర్చీ అది. అందులో కూర్చున్నవాడికి గెలిస్తే పేరు రాదు. ఓడితే మాత్రం చరిత్రలో నిలుస్తాడు. ఏప్రిల్‌లో ప్రాగ్‌లో చెకొస్లొవేకియా బంగారం పట్టుకెళ్లింది, వీళ్లకు వెండి. ఐదు నెలలకే కెనడా.

అప్పటిదాకా కెనడా ప్రొఫెషనల్ ఆటగాళ్లు, అంటే డబ్బు కోసం ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేవాళ్లు, సోవియట్ జట్టుతో ఇలా తలపడలేదు. ఎనిమిదికి ఎనిమిదీ గెలుస్తామని వాళ్ల ధీమా. మాంట్రియల్‌లో మొదటి 30 సెకన్లకే కెనడా ఆటగాడు ఎస్పొసీటో గోల్ కొట్టాడు, ఆరు నిమిషాలకు 2-0. ఎర్ర మూలలో ఎవరో లేచి వెళ్లిపోయారు కూడా. అప్పుడు జీమిన్ ఒకటి కొట్టాడు. తర్వాత పెత్రోవ్, ఖార్లామోవ్ రెండు, మిఖైలోవ్, మళ్లీ జీమిన్, చివర యాకుషెవ్. 7-3. నేను తెర మీద బెంచీ వెనకున్న మనిషినే చూస్తున్నాను, ఎందుకంటే కదలకుండా ఉన్నది ఆయనొక్కడే, కంటికి ఆనేది ఆయనే. ఆ ఏడు గోల్స్‌లో మూడు, అయిదేళ్ల కిందట స్పార్తక్‌లో ఆయన దగ్గర ఆడిన కుర్రాళ్లవని నాకప్పుడు తెలియదు.

సెప్టెంబర్ 22న మాస్కోలో మొదటి మ్యాచ్. అప్పటికి ఆట కాస్త అర్థమవుతోంది. ఆటగాళ్లను పరిచయం చేస్తుండగా ఎస్పొసీటో ఒక పువ్వు కాడ మీద కాలేసి జారి పడ్డాడు. లేచి, నవ్వుతూ వంగి నమస్కారం పెట్టాడు. బాబుష్కాకు ఆ మనిషి అప్పుడే నచ్చేశాడు. కెనడా నుంచి వచ్చిన మూడువేల మంది అభిమానులు గోల చేస్తుంటే మా గదిలో అందరూ కలిసి "షైబూ! షైబూ!" అని అరిచేవాళ్లం. షైబా అంటే పక్. గోల్ కొట్టమని అర్థం. నేను రష్యన్‌లో తప్పుల్లేకుండా నేర్చుకున్న మొదటి మాట అదే. చివరి, అంటే మూడో భాగంలో 4-1తో వెనకబడ్డ జట్టు వరుసగా నాలుగు కొట్టి 5-4తో గెలిచింది. ఆ రాత్రి బాబుష్కా ఎవరి పాసూ చూడలేదు.

తర్వాతి మూడూ పోయాయి. 3-2, 4-3, 6-5. ప్రతిదీ ఒక్క గోల్ తేడాతో. ఆరో మ్యాచ్‌లో కెనడా ఆటగాడు బాబీ క్లార్క్ కర్రతో ఖార్లామోవ్ చీలమండ మీద కొట్టాడు. ఖార్లామోవ్ ఏడో మ్యాచ్ ఆడలేదు, ఎనిమిదోది ఆ కాలుతోనే ఆడాడు. అలా కొట్టమని క్లార్క్‌కు చెప్పింది తానేనని కెనడా సహాయ కోచ్ జాన్ ఫెర్గూసన్ తర్వాత తనంతట తానే ఒప్పుకున్నాడు. మీ జాబితాలో ఆయన పేరు లేదు, గెలిచిన జట్టువాడు కదా.

సెప్టెంబర్ 28. రెండు భాగాలయ్యేసరికి సోవియట్ 5-3తో ముందుంది. ఆ అయిదులో యాకుషెవ్‌వి రెండు, షాద్రిన్‌ది ఒకటి. మళ్లీ మూడు స్పార్తక్ గోల్స్. మూడో భాగంలో కెనడా రెండు కొట్టి సమం చేసింది. అయిదో గోల్‌కు, గోల్ పడితే వెలగాల్సిన దీపం వెలగలేదని వాళ్ల ఆటగాళ్ల సంఘం పెద్ద అలన్ ఈగుల్‌సన్ గొడవకు దిగితే మిలీషియావాళ్లు, అంటే అక్కడి పోలీసులు, పట్టుకున్నారు. కెనడా ఆటగాళ్లు అడ్డం దాటి వెళ్లి విడిపించి, ఆయన్ని మంచు మీంచే అవతలికి తీసుకెళ్లారు. నా జన్మలో అంత వింత నేను టీవీలో చూడలేదు. 5-5తో ముగిస్తే సిరీస్ సమం, గోల్స్ లెక్కలో సోవియట్‌దే పైచేయి. ఇంకా 34 సెకన్లు ఉందనగా కెనడా ఆటగాడు పాల్ హెండర్సన్ గోల్ ముందు పడి, లేచి, మళ్లీ కొట్టాడు. వ్యాఖ్యాత నికొలాయ్ ఓజెరోవ్ గొంతు ఒక్కసారి దిగిపోయింది. (ఆయన కూడా టెన్నిస్ ఛాంపియన్, రంగస్థల నటుడు. ఏం చేస్తాం, ఆ దేశంలో అందరూ అంతే!) ఎర్ర మూలలో ఎవరో లేచి టీవీ కట్టేశారు. చీకటి తెర మీద మా మొహాలే కనిపించాయి.

మూడో భాగంలో వెనక్కి తగ్గి కాపాడుకోవాలని చూడటం తప్పేనని నేనూ అనుకుంటాను. బొబ్రోవ్ ఆటగాడై ఉంటే ఆరోది కొట్టడానికి పోయేవాడు. కోచ్‌గా ఆయన మీద వేయగలిగిన నింద ఏదైనా ఉంటే అదీ. కానీ కాగితం తీసుకుని కూడండి. సోవియట్ గోల్స్: 7, 1, 4, 5, 5, 2, 3, 5. మొత్తం 32. కెనడావి: 3, 4, 4, 3, 4, 3, 4, 6. మొత్తం 31. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఎక్కువ గోల్స్ చేసింది ఓడిన జట్టు. సోవియట్ వైపు అందరికంటే ఎక్కువ చేసింది యాకుషెవ్, ఏడు. ఆరు నెలల కిందట అందుకున్న జట్టు, ఎప్పుడూ తలపడని ప్రొఫెషనల్స్ మీద చేసిన పని ఇది.

ఇంతటితో ఆయన కథ ముగిసిందని మీ బాక్స్ చదివినవాళ్లు అనుకుంటారు. 1973 ఏప్రిల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మాస్కోలోనే జరిగింది. మా ఫ్యాకల్టీ కార్మిక సంఘం ద్వారా లాటరీలో నాకో టికెట్ వచ్చింది, లూజ్నికీ క్రీడా భవనంలో, బాగా పైన. సోవియట్ బెంచీ మాకు కింద, అటు తిరిగి ఉంది. అంటే ఆట జరిగినంతసేపూ నాకు కనిపించింది బొబ్రోవ్ వీపు. గోల్ పడ్డప్పుడల్లా బెంచీ అంతా లేచేది, ఆ వీపు లేచేది కాదు. ఒక్కసారి మాత్రం, పక్ గోల్ స్తంభానికి తగిలి ‘టంగ్’మని వెనక్కొచ్చినప్పుడు, ఆయన కుడికాలు నేల మీద తన్నింది. ఫుట్‌బాల్ తన్నినట్టు. చుట్టూ ఎవరైనా గమనించారో లేదో గానీ నేను గమనించాను. ఆ పోటీలో సోవియట్ జట్టు పది మ్యాచ్‌ల్లో సరిగ్గా 100 గోల్స్ కొట్టి, ప్రాగ్‌లో పోయిన బంగారాన్ని వెనక్కి తెచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకీలో మళ్లీ బంగారం. రెండేళ్లు, రెండు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు. ఇది ఆరిపోవడమైతే వెలగడం అంటే ఏమిటో మీ రచయితే చెప్పాలి.

ఆ తర్వాత ఆయన స్థానంలోకి సహాయకుడు కులాగిన్ వచ్చాడు. ఫుట్‌బాల్ కోచ్‌గా బొబ్రోవ్‌కు పెద్దగా కలిసిరాలేదన్నది నిజం. ఒదెస్సాలో, అల్మా-అతాలో చేశాడు, సైన్యం జట్టుకు రెండు విడతలు చేశాడు. 1969లో ఆయన వదిలేశాక ఆ జట్టు 1970లో ఛాంపియన్ అయింది, అదీ ఆయన పాత సహచరుడు నికొలాయెవ్ చేతుల మీదుగా. మీ రచయిత జాబితాకు ఇది పనికొచ్చే విషయం. ఇది వదిలేసి, పనికిరానిది పట్టుకున్నారు.

నేను 1978లో తిరిగొచ్చేశాను. 1979 జులై 1న బొబ్రోవ్ పోయాడు. 56 ఏళ్లు. ఆగస్టులో హాస్టల్ నుంచి నాకో కవరు వచ్చింది. అందులో పేపర్ కటింగ్ ఒకటి, బాబుష్కా చేతిరాతతో ఒక వాక్యం. ఆ వాక్యం మీకు చెప్పను, అది నాకు రాసింది. కటింగ్ మాత్రం నా రష్యన్ నిఘంటువులో ‘బ’ అక్షరం దగ్గర ఇప్పటికీ ఉంది, పసుపు పచ్చగా మారి, మడతల దగ్గర చిరుగుతూ.

ఇప్పుడు రష్యా లీగ్‌లో ఒక డివిజన్‌కు ఆయన పేరుంది. పక్కనే తరాసోవ్, చెర్నిషోవ్, ఖార్లామోవ్‌ల పేర్లున్నాయి. 1997లో అంతర్జాతీయ హాకీ సమాఖ్య హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

నేను అడిగేది చిన్న సవరణ. ‘ఓడిన కోచ్’ అన్నచోట ‘1973, 1974 ప్రపంచ ఛాంపియన్ జట్టు కోచ్’ అని వేయండి, ‘ఫుట్‌బాలర్’ అన్నచోట మూడు ఆటల పేర్లూ వేయండి. చోటు సరిపోకపోతే మీ రచయిత తీర్పు తీసేయండి, బోలెడు చోటు వస్తుంది. ఇంకోటి. మీరు ఆయన పేరు కింద వేసిన ఫొటోలో ఉన్నది ఆయన కాదు. సరైన ఫొటో కావాలంటే కబురు చేయండి, కటింగ్ జిరాక్స్ తీయించి పంపిస్తాను. అసలుది మాత్రం ఇవ్వను.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు,
ఒక రిటైర్డ్ ఇంజినీర్